నిజమని పలికిన నోరు

పట్టపగలు గుడ్లగూబ కూసింది!

మధ్యాహ్నం దాటి ఎంతోసేపు కాలేదు. అయినా ఆకాశమంతా కాటుక కుమ్మరించినట్టు కారుమబ్బులు... సూర్యుడనేవాడు ఒకడుండేవాడన్న సంగతే లోకం మరిచిపోయిందా అనిపించే గాఢాంధకారం! దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము మీద ఉరుము... ఆకాశాన్ని నిలువునా చీలుస్తూ మెరుపు మీద మెరుపు! మ్యూజియం వెనకవైపు గదుల కిటికీ అద్దాలు గడగడా వణుకుతున్నాయి. ఆ చూరులో నక్కిన గుడ్లగూబ, రాత్రయిందని భ్రమపడిందో... రాబోయే ఘోరం దానికి ముందే తెలిసిందో... గుండెలు జారిపోయేలా మళ్ళీ కూసింది!

కిటికీ ఇవతల, బల్లదీపం కింద తలొంచుకుని కూర్చున్న ఆమె మాత్రం ఉలిక్కిపడలేదు.

"కూస్తే కూశావులే గానీ, అద్దాల మీద రెట్ట వేయకు," అంది తలెత్తకుండానే.

ఆ మ్యూజియంలో అందరూ ఆమెను పళ్ళ డాక్టరమ్మ అంటారు. ఆమె దగ్గరికొచ్చే రోగులు మూలగరు, కదలరు, నోరు తెరవమంటే మొరాయించరు. ఎందుకంటే వాళ్ళంతా పోయి వేల వేల ఏళ్ళయింది! మనిషికి నిప్పు రాజేయడం కూడా సరిగ్గా చేతకాని కాలంలో ఈ నేల మీద సంచరించిన మహామార్జాలాలు... గుహల్లో కాపురమున్న సింహాలు... మొలలో బాకులు దోపుకున్నట్టు, దవడ కిందికి దిగిన కోరలతో తిరిగిన కత్తికోర పులులు... వాటి పళ్ళూ, దవడలూ, గోటి ఎముకలే ఆమె లోకం. ఒక పన్ను తెచ్చి ముందు పెడితే చాలు, అది ఏ జంతువుది, ఏ వైపుది, నిజమైనదా, ఎవడో తీరిగ్గా కూర్చుని చెక్కినదా... తేల్చి పారేస్తుంది. మొహమాటం లేదు. గుహసింహం దవడ అని నలుగురూ గొప్పగా చెప్పుకుంటున్నదాన్ని చూసి, "ఇది ఎలుగుబంటిది. ముందు పళ్ళు రెండూ ప్లాస్టిక్," అని నిండు సభలో చెప్పేసిన మనిషి. ఆమె నిజమంటే నిజం... కాదంటే కాదు!

ఆ నోటికున్న ఆ విలువే తన మెడకు ఉరితాడవుతుందని ఆ క్షణాన ఆమెకేం తెలుసు?

తలుపు కిర్రుమంది. మెరుపు వెలుగులో గుమ్మం నిండా ఒక పొడవాటి నల్లని ఆకారం!

"అమ్మాయ్... ఉన్నావా?"

"మాస్టారూ! ఈ వానలో ఏంటండీ? ఒక్క ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా!"

వచ్చింది అతుకుల మాస్టారు. పగిలిన ఎముకల్ని అతకడంలో ఆయనంతటివాడు లేడు. నుగ్గునుగ్గయిన పుర్రెను కూడా ప్లాస్టరు పోసి, జిగురు పూసి, మళ్ళీ మనవైపు గుడ్లురిమి చూసేలా నిలబెట్టేవాడు. ఆమె ఈ గదిలో మొదటిసారి అడుగుపెట్టిన రోజున భూతద్దం చేతికిచ్చి, "కళ్ళతో కాదమ్మా, అనుమానంతో చూడు," అని పని నేర్పింది ఆయనే. నాన్న ముఖం కూడా గుర్తులేని ఆమె, ఆయనలోనే నాన్నను చూసుకుంది. రిటైరయ్యాక ఆయన కుడిచేతికి ఎప్పుడూ ఒక నల్లని తొడుగు. "ప్లాస్టరు పిసికి పిసికి చర్మం పాడైందమ్మా," అంటే నమ్మేసింది. లోకాన్నంతా అనుమానంతో చూసిన ఆ కళ్ళు, ఆయన్నొక్కణ్ణే ప్రేమతో చూశాయి!

మాస్టారు తడి గొడుగును మూలన ఆనించి, జేబులోంచి రేకుడబ్బా తీశాడు. అందులో నల్లని పట్టుగుడ్డ... గుడ్డ మడతల్లో ఒక కోర!

తేనెరంగు. చూపుడువేలంత పొడవు. నెలవంకలా వంగిన, పలచని, క్రూరమైన కోర. వేరు వైపు సగం దాకా రాయి అంటుకుని ఉంది.

"ఒక్క మాట చెప్పు చాలు. నిజమా, అబద్ధమా?"

ఆమె పని మొదలుపెట్టింది. సూదిని ఎర్రగా కాల్చి అంచున ఆనించింది. ప్లాస్టిక్ అయితే కరిగి కంపు కొడుతుంది. కరగలేదు. దీపం ఆర్పి ఊదారంగు లైటు వేసింది. జిగురు పూసినచోటల్లా ఆ వెలుగులో పాలిపోయిన నీలంగా మెరిసి, దొంగతనాన్ని పట్టిస్తుంది. ఎక్కడా మెరవలేదు. కోర అంచున రంపానికున్నట్టు సన్నని నొక్కులు. ఆకురాయితో తీసినవైతే అన్నీ ఒకే తీరున ఉండేవి. ఇవి కొసకు వెళ్ళేకొద్దీ అరిగి నునుపెక్కాయి. నిలువునా పాకిన పగుళ్ళు పంటి పైన మెరిసే పింగాణి పొరను దాటి లోపలి పొరలోకి దిగాయి. రంగుతో గీసిన పగుళ్ళయితే పైపైనే ఆగిపోతాయి.

ఆమె భూతద్దం పట్టుకుని ఇంకా దగ్గరికి వంగింది...

అద్దం మసకబారింది!

ఇవతలి నుంచి కాదు... అవతలి నుంచి! ఆ కోర ఉన్న వైపు నుంచి ఎవరో వెచ్చగా ఊపిరి వదిలినట్టు... తడిసిన బొచ్చు వాసన... పచ్చి నెత్తురు వాసన గుప్పుమంది! ఆమె కొంగుతో అద్దం తుడుచుకుని, 'ఈ వాన తేమ ఒకటి,' అని విసుక్కుంది.

"కత్తికోర పులిదే మాస్టారూ. పులి అని పేరే గానీ, పులికి పెదనాన్న కొడుకు వరస కూడా కాదనుకోండి! నిజమైనదే."

ఆకాశం బద్దలైంది!

"ఏంటమ్మా? ఉరుములో వినబడలేదు."

"నిజమైనదే అంటున్నా."

"ఇంకోసారి... గట్టిగా చెప్పు తల్లీ!"

"నిజమే మాస్టారూ!"

మూడోసారి ఆ మాట పెదవి దాటగానే గుడ్లగూబ గొంతు పట్టి నొక్కినట్టు ఆగిపోయింది. బల్లదీపం టప్పున ఆరిపోయింది. ఆ చీకట్లో, మంచులా చల్లనిదేదో... ఆమె తెరిచిన నోట్లోంచి గొంతులోకి... గొంతులోంచి గుండెల్లోకి... జర్రున జారింది! ఆమె ఉక్కిరిబిక్కిరై బల్ల అంచు పట్టుకుంది. దీపం మళ్ళీ వెలిగింది.

"వేరు చుట్టూ రాయి ఉంది మాస్టారూ. అది తొలిచి చూస్తే గానీ వయసు చెప్పలేను. ఇక్కడ ఉంచి వెళ్ళండి, నిదానంగా..."

"అక్కర్లేదు!"

ఆ గొంతు ఆయనది కాదు! ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ విననిది. కోరను లాక్కుని డబ్బాలో వేసేశాడు. మరుక్షణంలోనే మామూలుగా నవ్వి, తొడుగు చేత్తో ఆమె తల నిమిరాడు.

"నువ్వు నిజమన్నావు. నాకంతే చాలమ్మా."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి తగిలినచోట ఆమె నెత్తి నిప్పు తగిలినట్టు చురచురమంది...

*

ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమే, అక్కా.

అమ్మ పోయేనాటికి ఆమె ఇంకా పలక పట్టుకోని పిల్ల. అక్కే జడలు వేసింది, అక్కే బడికి పంపింది, జ్వరమొస్తే పక్కన కూర్చుని తెల్లార్లూ విసిరింది. అక్కకు పెళ్ళయి బుజ్జి పుట్టాక, ఆ ఇంట్లో నవ్వులకు లోటు లేకుండా పోయింది. అంతలో ఒక మాయదారి జ్వరం బుజ్జిని ఎత్తుకుపోయింది. ఆ తర్వాత బావ కూడా ముఖం చాటేశాడు. అప్పటి నుంచి అక్క నవ్వలేదు. బుజ్జి గౌన్లు ఉతుకుతుంది, ఆరేస్తుంది, మడిచి పెడుతుంది... మళ్ళీ ఉతుకుతుంది!

ఆ సాయంత్రం ఆమెకు అన్నం సయించలేదు. దీపం వెలుగు కళ్ళలో పొడిచినట్టుంది. వీధి చివర కుళాయి నుంచి బొట్లు పడే చప్పుడు చెవి పక్కనే వినిపిస్తోంది. ఉన్నట్టుండి చూసుకుంటే... తన మణికట్టును తనే నాలుకతో నాకుతోంది! అదిరిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. బల్ల చెక్క మీద గోళ్ళతో బరికిన చారలు... ఎప్పుడు బరికింది? ఎవరు బరికారు?

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. కన్నార్పకుండా చూస్తోంది.

"ఏమే... ఎలా ఉంది?"

"ఏమో అక్కా. ఒళ్ళంతా చల్లగా ఉంది. నా లోపల ఎవరో... దారి తప్పి తిరుగుతున్నట్టుంది. చిన్నగా... చాలా చిన్నగా ఏడుస్తున్నట్టుంది."

అక్క ముఖం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది! ఎన్నేళ్ళ తర్వాతో చూసిన నవ్వు! పరుగున వచ్చి చెల్లెల్ని గుండెలకు హత్తుకుంది.

"భయపడకే. నేనున్నాగా."

ఆ మాటకు ఆమె కరిగిపోయింది. అక్క ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా కళ్ళు మూసుకుంది. పాపం పిచ్చిది! అక్క వేళ్ళు తన జుట్టు నిమురుతూ నిమురుతూ... పాయ మధ్యలో నుంచి ఒక్కొక్క వెంట్రుకా తెంపి కొంగున ముడి వేసుకుంటున్నాయని గమనించలేదు.

మర్నాడు వాన తెరిపివ్వలేదు. పొద్దు వాలుతున్న వేళ, అక్క చెప్పులు వేసుకుని సిద్ధంగా నిలబడింది.

"మాస్టారికి ఒంట్లో బాలేదట. ఒకసారి చూసొద్దాం పద."

"నీకెవరు చెప్పారక్కా?"

"ఎవరో చెప్పార్లే. నడు."

నడిచే ఓపిక కూడా లేదామెకు. అయినా మాస్టారికి బాలేదంటే ఆగుతుందా? అక్క భుజం మీద బరువంతా వేసి బయల్దేరింది. దారి పొడుగునా పిల్లులు గోడలెక్కి, వీపు విల్లులా వంచి, ఆమె వైపు చూస్తూ బుసలు కొట్టాయి...

*

మాస్టారి ఇల్లు వీధి చివరన ఒంటరిగా ఉంటుంది. ముందుగదిలో ప్లాస్టరు సంచులు, జిగురు డబ్బాలు, సగం అతికిన దవడలు. ఆ గదులన్నీ ఆమెకు తెలుసు. తెలియనిదల్లా వంటగది వెనకనుంచి కిందికి దిగే మెట్లు!

"మాస్టారు కింద పడుకున్నారట," అంది అక్క.

కింద... నేలమాళిగ. గోడలనిండా మసి. నేలమీద తెల్లని ఎముకల పొడితో గీసిన మహా వలయం. దాని నడుమ ముక్కాలి పీట మీద ఒక కపాలం! కత్తికోర పులి కపాలం! నల్లని కనుగుంటల్లో నూనె దీపాలు భగభగ మండుతున్నాయి. ఒక వైపు కోర ఉండాల్సిన చోట ఖాళీ గుంత. రెండో వైపు... ఆ తేనెరంగు కోర! పై దవడకు మైనంతో అంటించి ఉంది. నల్లబట్టలు కట్టుకుని, నొసట మసి పూసుకుని, ఆ కపాలం వెనక నిలబడ్డాడు మాస్టారు!

వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది.

ఆమె తిరిగి చూసింది. గడియ మీద ఉన్నది అక్క చెయ్యి!

"అక్కా... తలుపెందుకు వేశావ్?"

"క్షమించవే," అంది అక్క, నేల చూపులు చూస్తూ. "బుజ్జి వస్తుంది. మాస్టారు పిలిపిస్తానన్నారు. నీ ఒంట్లోకి వస్తుంది. నువ్వెక్కడికీ పోవు... నువ్వూ ఉంటావు, అదీ ఉంటుంది. నీకు మాత్రం అదంటే ప్రేమ లేదూ?"

ఆమె గడియ వైపు చూసింది. పారిపోదామంటే కాళ్ళు కదల్లేదు. కాళ్ళనెవరూ కట్టలేదు. కట్టాల్సిన పని లేదు! చిన్నప్పుడు వేలు పట్టుకుని నడక నేర్పిన చెయ్యే, ఇప్పుడు భుజాలు పట్టి వలయం మధ్యలోకి నడిపించి కూర్చోబెట్టింది. కొంగుముడి విప్పి వెంట్రుకలు మాస్టారి చేతిలో పోసింది.

"మాస్టారూ... మీరు కూడానా?"

ఆయన నవ్వుతూ, దూది కుక్కిన తొడుగు ఊడదీశాడు. ఆమె కెవ్వుమంది! ఆ చేతికి రెండు వేళ్ళు లేవు. మిగిలిన వేళ్ళు కాలిన కట్టెపుల్లల్లా నల్లగా...

"దొంగకోరలతో పిలిస్తే ఆ శక్తి నాకిచ్చిన బహుమతి ఇది! నేను చేసిన కోరలు లోకాన్నంతా మోసం చేశాయి గానీ, దాన్ని మోసం చేయలేకపోయాయి. నిజమైన కోర కావాలి. అబద్ధం ఎరగని నోరు దాన్ని ముమ్మారు నిజమనాలి. అన్న నోరే దానికి వాకిలి! నిన్ను ఆ గదిలో చేర్చుకున్ననాడే అనుకున్నాను... ఈ పిల్ల నోరు పాడవకుండా పెంచుకోవాలని!"

అనుమానంతో చూడమని నేర్పింది అందుకా! తండ్రిలా తల నిమిరింది అందుకా! బలి ఇచ్చే మేకకు గడ్డి మేపినట్టు... ఇన్నేళ్ళూ...

మాస్టారు వెంట్రుకలను దీపంలో వేశాడు. చిటచిటమని కాలిన కంపు. ఆయన పెదవుల నుంచి ఘోరమైన మంత్రాక్షరాలు, తేళ్ళు వరుసకట్టినట్టు బయటికి రాసాగాయి. పైన పిడుగు పడింది! నేల దద్దరిల్లింది! కపాలం ముక్కాలి పీట మీద కటకటమని పళ్ళు కొరికింది!

అంత భయంలోనూ ఆమె చూపు ఆ కోర మీద పడింది. అలవాటు! రాయి ఇప్పుడు లేదు. మైనంతో అంటించడానికి మాస్టారే తొలిచేశాడు. దీపపు వెలుగు వెనకనుంచి పడుతుంటే, మైనంలోంచి బయటికున్న వేరు భాగం గాజులా పలచగా కనిపిస్తోంది. కొసన పురుగు తిన్నట్టు కరిగిపోయి ఉంది. పెద్ద కోర వేరు అలా ఉండదు. లోపలి నుంచి కొత్త కోర తోసుకొస్తుంటే, కరిగి ఊడటానికి సిద్ధమైన వేరు అది...

ఆమె ముందుకు వంగి అరిచింది.

"మాస్టారూ, ఆపండి! అది పాలపన్ను! పెద్ద పులిది కాదు... పిల్లది! మీరు పిలుస్తున్నది పసికూనని!"

"ప్రాణం మీదికొస్తే నీ నోటికీ అబద్ధం వచ్చిందే!" వికటాట్టహాసం చేశాడు మాస్టారు. "రా... మహామార్జాలమా! ఈ దేహంలో నిలువు! నా ఆజ్ఞకు లోబడు! నే చూపినవాడి గొంతు చీల్చు! గర్జించు!"

ఆమె శరీరం విల్లులా వెనక్కి వంగింది. జుట్టు విరబోసుకుపోయింది. కళ్ళు పసుపుపచ్చగా మారి, కనుపాపలు నిలువు గీతలై జ్వలించాయి! నోరు తెరుచుకుంది. మాస్టారు చేతులు చాచి, మూసిన కళ్ళతో ఆ మహాగర్జన కోసం ఎదురుచూశాడు...

ఆ నోటి నుంచి వచ్చింది గర్జన కాదు. ఏడుపు!

సన్నగా... తడిగా... చీకట్లో తల్లి కోసం తడుముకునే పసికూన ఏడుపు!

"బుజ్జీ!" అక్క గుండె పగిలేలా అరిచి, వలయంలోకి ఉరికి, చెల్లెల్ని వాటేసుకుంది. "నా తల్లే! వచ్చావా! అమ్మనే... అమ్మ ఇక్కడే ఉంది!"

"ఛీ, అవతలికి పో పిచ్చిదానా! ఏ బుజ్జి? పోయిన పిల్ల తిరిగొస్తుందా ఎక్కడైనా? నీ చెల్లెల్ని నా దగ్గరికి తెచ్చేవాళ్ళు కావాలి కాబట్టి చెప్పాను!"

అక్కకు వినబడలేదు. వినదలుచుకోలేదు. ఆ ఏడుపు మళ్ళీ లేచింది. ఇంకా గట్టిగా... ఇంకా దీనంగా...

ఉరుములు ఆగిపోయాయి.

వాన ఆగిపోయింది. గాలి ఆగిపోయింది. లోకమంతా ఊపిరి బిగబట్టినట్టు భయంకరమైన నిశ్శబ్దం!

ఆ నిశ్శబ్దంలో... నేల అడుగు నుంచి... రాతి పొరల కింద నుంచి... వేల ఏళ్ళ అవతల నుంచి... ఒక జవాబు వచ్చింది!

అది చెవులకు వినిపించలేదు. ఎముకలకు వినిపించింది. మాస్టారి పెదవుల మీద మంత్రం తెగిపోయింది. మూలన నిలబెట్టిన ప్లాస్టరు సంచి నిలువునా చిరిగి, తెల్లని పొడి నేలంతా పరుచుకుంది. ఆ పొడిలో... ఎవరూ కనిపించడం లేదు... కానీ ఒక అడుగు పడింది! అన్నం తినే పళ్ళెమంత అడుగు! నాలుగు వేళ్ళూ, వెడల్పాటి అరికాలూ... గోళ్ళ గుర్తు లేదు. గోళ్ళు లోపలికి ముడుచుకుని, చప్పుడు చేయకుండా, వేటకు వచ్చే అడుగు! దాని ముందు ఇంకొకటి... దాని ముందు మరొకటి...

ఆమె ఆ పసికూన కళ్ళలోంచే అంతా చూస్తోంది. లోపల ఒక మూల నలిగిపోతూ, తన మనసుతో తనే చెప్పుకుంది... తల్లి వచ్చింది!

"ఆగు!" మాస్టారు ఎముకల పొడి గుప్పిళ్ళతో చల్లాడు. "నా వలయం దాటలేవు! నా మంత్రానికి కట్టుబడు!"

అడుగులు వలయం అంచున ఆగాయి. మాస్టారి ముఖంలో వెర్రి ఆనందం! మరుక్షణం... ఆ గీత మీద, గీత అనేదొకటి లేనట్టే, అడుగు పడింది. మంత్రాలు మనుషుల కోసం మనుషులు కట్టుకున్నవి. భాష పుట్టకముందు పుట్టిన తల్లికి వాటితో పనేముంది?

"వద్దు... నేనేం చేయలేదు! నీ బిడ్డను నేనేం చేయలేదు! ఇదిగో... ఆ అమ్మాయి దగ్గరుంది! ఆమెను చంపుకో! ఆమెనే...!"

చివరి క్షణంలోనూ ఆయన ఆమెనే చూపించాడు!

అరుపు పూర్తికాలేదు. గొంతుకు రెండు వైపులా రెండు గాట్లు తెరుచుకున్నాయి. కపాలంలోని దీపాలు ఒక్కసారిగా పైకప్పు దాకా ఎగసి ఆరిపోయాయి. పైకప్పు దూలం ఫెళఫెళమని విరిగి కూలింది. అతుకుల మాస్టారి దేహం ఆ మసి గోడకు కొట్టుకుని, ఎవరూ అతకలేనంతగా విరిగి, నేలమీద కుప్పకూలింది!

దూలం విరిగిన కంత నుంచి పడుతున్న సంజవెలుగులో, అడుగులు ఇటు తిరిగాయి.

ఇప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరే మిగిలారు. వెచ్చని ఊపిరి ముఖాలకు తగులుతోంది. అక్క చెల్లెల్ని ఇంకా గట్టిగా హత్తుకుంది.

"ఇవ్వను! నా బిడ్డ! ప్రాణం పోయినా ఇవ్వను!"

నేల గుర్రుమంది. ఇంకొక్క క్షణం ఆగితే ఇద్దరి గొంతులూ తెగుతాయి! ఆమె తన లోపలి చీకట్లోంచి, ఉన్న బలమంతా కూడగట్టుకుని, ఆ పసికూన ఏడుపును పక్కకు తోసుకుంటూ, తన గొంతును తను పట్టుకుంది.

"అక్కా... వదులు. ఇది బుజ్జి కాదు."

"కాదు, బుజ్జే! ఏడుపు నాకు తెలీదా?"

"నేను... నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా అక్కా? లోపల నేను చూస్తున్నాను. బుజ్జి కాదు. దీనికి అమ్మ వేరే ఉంది. వచ్చింది... వదులు."

అక్క ఆ పసుపు కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏం వెతికిందో, ఏం దొరకలేదో... చేతులు సడలాయి. పక్కకు ఒరిగి, నోట్లో కొంగు కుక్కుకుని మూగగా రోదించింది.

వెచ్చని ఊపిరి ఆమె వెనక్కి వచ్చింది. మెడకు రెండు వైపులా, చెవుల కింద నుంచి, రెండు చల్లని కోరలు ఆనాయి. మాస్టారి గొంతు చీల్చిన ఆ బాకుల్లాంటి కోరలే... ఆమె చర్మం మీద గీత కూడా పడకుండా నిలిచాయి! వెనకమెడ పట్టి మెత్తగా... ఎంత మెత్తగా!... ఏదో పైకి ఎత్తుకున్నట్టయింది. ఆమె లోపలి చలి, ఆ ఏడుపు, ఆ దారి తప్పిన భయం... అన్నీ కలిసి ఒక్కసారిగా లేచిపోయాయి.

ప్లాస్టరు పొడిలో అడుగులు గోడ దాకా వెళ్ళి, గోడలోకి వెళ్ళిపోయాయి.

*

పోలీసులు వచ్చారు. పాతకొంప, దూలం విరిగిపడి ముసలాయన పోయాడన్నారు. గొంతు మీద గాట్లు ఇనుప చువ్వలవన్నారు. పొడిలో అడుగులు, రాత్రి మళ్ళీ పట్టుకున్న వాన ఆ కంతలోంచి దిగడంతో, తడిసి ముద్దయిపోయాయి. కపాలానికి అంటించిన కోర ఎక్కడా దొరకలేదు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. అక్క గడియ వేసిందన్నది తప్ప, ఆమె మాటను ఒక్కరు కూడా నమ్మలేదు!

అక్కను ఆసుపత్రిలో చేర్చారు. కూలిన కప్పు పెళ్ళలు తగిలి ఒళ్ళంతా బొప్పులు, తల మీద కుట్లు, నల్లని జుట్టు రాత్రికి రాత్రి ముగ్గుబుట్ట. ఆమె రోజూ వెళ్ళింది. దుప్పటి మార్చింది, మందులు వేసింది, గంజి తాగించింది. మ్యూజియంలో వాళ్ళు, ఇరుగుపొరుగు అంతా, "అలాంటి అక్క దగ్గరికి ఇంకా ఎందుకెళ్తావ్?" అన్నారు. "అక్కను వాడు మోసం చేశాడు. కన్నకడుపు కదా, ఆశపడింది. ఆమెకు మాత్రం ఏం తెలుసు?" అని అందరికీ అదే జవాబు చెప్పింది. తనకు తను కూడా అదే చెప్పుకుంది. ఆ ఒక్క మాట పట్టుకునే నిలబడింది.

ఒక మధ్యాహ్నం అక్క కాస్త తేరుకుని, దిండుకు ఆనుకుని కూర్చుంది. కిటికీ అవతల ఎండ కాస్తోంది. పక్క మంచం ఖాళీ. ఆమె అక్క గోళ్ళు తీస్తూ, తలెత్తకుండా అడిగింది.

"అక్కా... ఆ రోజు, బుజ్జి నా ఒంట్లోకి వస్తే, నేనూ ఉంటానన్నావు కదా. వాడు నిజంగా అలాగే చెప్పాడా?"

అక్క ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

"చెప్పు అక్కా. నువ్వు అలాగే అనుకున్నావు కదూ?"

అక్క చెయ్యి ఆమె చేతిలో చల్లబడింది. ఎండ వైపే చూస్తూ అక్క పెదవులు కదిపింది.

"లేదే. ఒక ఒంట్లో ఇద్దరుండరని చెప్పాడు. ఒకరు పోవాలని ముందే చెప్పాడు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. బయట నడవాలో ఎవరో నర్సును పిలుస్తున్నారు. ఆమె మిగిలిన రెండు వేళ్ళకూ గోళ్ళు తీసింది. తుంపులు కాగితంలో పోగుచేసి బుట్టలో వేసింది. మంచినీళ్ళ గ్లాసు అక్క చేతికి అందేచోట పెట్టింది. దుప్పటి అక్క పాదాల మీదికి లాగి సర్దింది.

"వెళ్తున్నావా?" అంది అక్క.

"ఊఁ."

"రేపు వస్తావు కదూ?"

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, అక్క ముఖంలోకి సూటిగా చూసింది.

"రాను," అంది.

మళ్ళీ రాలేదు.